తీతువు గూటి దగ్గర నేను పీకిన కట్టె

తెల్లవారకముందే లేచి, పిట్టల ఫోటోల కోసం బీడు భూముల్లో పొర్లాడే జబ్బు నాకు నలభై ఎనిమిదో ఏట పట్టుకుంది. అంటించినవాడు ప్రభుదాసు, కోదాడలో సైన్స్ సారు. పదో తరగతి రెండుసార్లు తప్పి సూర్యాపేటలో బైకు మెకానిక్‌గా స్థిరపడినవాణ్ణి నేను. సార్లను ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న సరదా. బండి బాగు చేయించుకోవడానికి వచ్చిన ఈ సారు మాత్రం ఎంత ఏడిపించినా నవ్వుతాడు తప్ప కోప్పడడు. అందుకే స్నేహితుడయ్యాడు.

ఈసారి ప్రయాణం మాత్రం సరదాకి మొదలవలేదు. వేసవి సెలవుల ముందు ఆయన పక్షుల పాఠం చెబుతుంటే, ఏడో తరగతి పాప ఒకతి లేచి, "మా అమ్మ చనిపోయిన రోజు తీతువు మా ఇంటి మీద అరిచింది సార్. అదే తీసుకుపోయింది" అందట. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మన పల్లెల్లో ఉన్న నమ్మకమే. సారు దగ్గర సైన్స్ జవాబు ఉంది, కానీ ఆ పాప మొహం చూశాక పాఠం ఆపేసి పుస్తకం మూసేశాడట. తీతువు నేలమీదే గుడ్లు పెడుతుంది. ఎండ ముదిరితే నీళ్ళ దగ్గరికి పోయి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. ఆ ఒక్క దృశ్యం ఫోటో తీసి, బడి తెరిచిన రోజు పాపకు చూపించాలని ఆయన పట్టుదల. వారం కిందట పెన్‌పహాడ్ దగ్గర గూడు కూడా కనిపెట్టి వచ్చాడు.

జూన్ మొదట్లో ఒక శనివారం బయలుదేరాం. కోదాడలో తెల్లవారుజామున నాలుగింటి బస్సు ఎక్కితే ఐదుకల్లా సూర్యాపేటలో దిగొచ్చు. అక్కడి నుంచి పెన్‌పహాడ్‌కు నా బండి మీద అరగంట. బండి లేనివాళ్ళు ఆటో మాట్లాడుకోవచ్చు. పోను రాను ఏడు వందలంటాడు, మొహం కాస్త దీనంగా పెడితే ఆరు వందలకు వస్తాడు. మా ముగ్గురిలో మూడోవాడు ఉపేందర్ సేఠ్, మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఆసామి, కారులో నేరుగా పెన్‌పహాడ్‌కే వచ్చాడు. సేఠ్ లెన్స్ బోరు పైపంత ఉంటుంది. అది చూసి భయపడి ఎగిరిపోయిన పిట్టల ఫోటోలు ఆయన దగ్గర వందల్లో ఉన్నాయి.

ఊరి మొదట్లో టీ కొట్టు అవ్వ మా మెడల్లోని సామాను చూసి అడిగింది.

"ఏం పట్టవోతున్నరు బిడ్డా?"

"పిట్టల ఫోటోలు తీస్తం అవ్వా."

"తీసి?"

"సూస్తం."

"గంతేనా? మరి పిట్టనే సూడరాదు?"

ఇన్నేళ్ళలో ఒక్క మాటతో నా నోరు మూయించింది ఆ అవ్వ ఒక్కతే. టీ పది రూపాయలు, అల్లం బాగా దంచి వేస్తుంది, తప్పకుండా తాగండి.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు మట్టిబాట. ఆ తర్వాత బీడు మొదలవుతుంది. ఎండిన గడ్డి మోకాళ్ళ దాకా, అక్కడక్కడ రేగు పొదలు, దూరంగా పత్తి కోసం దున్నిన ఎర్రమట్టి. ఎండ ఇంకా పదును పట్టలేదు. గాలికి గడ్డి అంతా ఒకవైపు ఒరుగుతుంటే, చిన్న పిల్ల తలమీద దువ్వెన నడిచినట్టుంది. బాట పక్క తీగ మీద పాలపిట్ట, పొద కింద నుంచి కౌజుల అరుపులు. భరత పక్షి ఒకటి నిట్టనిలువునా పైకెగిరి, పాడుకుంటూ కిందికి జారింది. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఇక్కడ వెలుగు చాలా బాగుంటుంది. ఆ తర్వాత వేడికి ఫోటోలో గాలి వణుకుతుంది.

గూడు బీడు చివర, దుక్కికి దగ్గర్లో ఉంది. గూడంటే ఏమీ లేదు. చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మధ్యలో మట్టిరంగు మచ్చల గుడ్లు నాలుగు. కొసలన్నీ లోపలికి తిప్పి పెట్టి ఉన్నాయి. చూపించకపోతే తొక్కేసేవాణ్ణి. దానికి రెండడుగుల దూరంలో ఒక కట్టె పాతి ఉంది, కొసకు ఎర్రగుడ్డ పేలిక.

"పోయినసారి ఇది లేదే. ఫోటోలో అడ్డమొస్తుంది" అన్నాడు సారు.

"ప్లాట్లోల్లు పాతిండ్రేమో సారూ. గడ్డి కనవడితె సాలు, కొలతలేస్తరు" అని చటుక్కున పీకేశాను.

"వెళ్ళేటప్పుడు మళ్ళీ అక్కడే గుచ్చెయ్యి నర్సింహా. ఎవరిదో ఏంటో."

అలాగేనన్నాను. ఆయన యాభై అడుగులు వెనక్కి పోయి, రేగు పొద చాటున గుడ్డ కప్పుకొని కూర్చున్నాడు. కాసేపటికి తీతువు నడిచొచ్చి గుడ్లమీద సర్దుకుంది. కళ్ళ ముందు ఎర్రటి కండ, సన్నటి పసుప్పచ్చ కాళ్ళు. నాకేమో చేతిలో కట్టె, బుర్రలో పురుగు. సేఠ్ వెనకబడి ఆయాసపడుతూ వస్తున్నాడు. నలభై గజాలు పక్కకు పోయి, మేకపెంటికలు కుప్పగా ఉన్నచోట కట్టె పాతి, సైగ చేశాను.

"సేఠూ, గూడు గీడనే. గుడ్లు నాలుగు. లేవకు, పొట్టమీద పండి తియ్యి."

పాపం, పండాడు. ఆ పొట్టతో పండటం చిన్న విషయం కాదు. అరగంట సేపు పెంటికలకు ఫోటోలు తీశాడు. నేను గడ్డిలో మొహం దాచుకొని నవ్వుతూనే ఉన్నాను.

ఎనిమిది దాటాక ట్రాక్టరు వచ్చింది. పాటలు గట్టిగా పెట్టుకొని, దుక్కిని బీడు వైపు పెంచుకుంటూ వస్తున్నాడు డ్రైవరు. సేఠ్ పడుకున్న చోటికి ఇంకా ఇరవై గజాలుండగానే ఎర్రగుడ్డ చూసి చక్కగా పక్కకు తిప్పాడు. పెంటికలను భద్రంగా వదిలేసి, అసలు గూటి వైపు నేరుగా సాలు పట్టాడు.

అప్పుడు తెలిసింది ఆ కట్టె ఎందుకు పాతారో.

నేను అరిచాను. పాటలో కలిసిపోయింది. సారు కెమెరా పొదలోనే వదిలేసి పరుగెత్తాడు. తీతువు మాత్రం పారిపోలేదు. గుడ్ల మీంచి లేచి ట్రాక్టరుకు ఎదురుగా నిలబడి, రెండు రెక్కలూ చాచి అరిచింది. ముందు చక్రం దాని తలకంటే ఎన్నో రెట్లు ఎత్తు. ఒక చెప్పు ఊడినా ఆగకుండా పోయి దాని పక్కనే నేనూ చేతులు చాచి నిలబడ్డాను. డ్రైవరు కీచుమని బ్రేకు కొట్టాడు. మూడు గజాలుంటుందేమో. పిట్ట పైకెగిరి, తిరిగొచ్చి నా నెత్తినే తన్నింది. ఎవరిని తన్నాలో దానికి బాగానే తెలుసు.

డ్రైవరు దిగాడు. పేరు లింగయ్య, నా ఈడువాడే. గుడ్లను చూశాడు, దూరంగా ఉన్న కట్టెను చూశాడు.

"ఎవడు పీకిండన్నా ఆ కట్టె? నాలుగొద్దుల కింద నేనే పాతిన. గుడ్లున్న జాగ యాది ఉంటదని. ఏటా గిట్లనే ఇడిసిపెడ్తం, మా నాయిన కాడికెల్లి."

మామూలుగా నా దగ్గర అబద్ధాలకు కరువుండదు. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

"నేనే లింగన్నా. నవ్వులాటకు."

"నవ్వులాటకా?" అని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నవ్వొచ్చిందా మరి?"

అప్పటికి సేఠ్ ఒళ్ళంతా దుమ్ముతో వచ్చాడు. విషయం అర్థమై, "అంటే నేను తీసినయి పెంటికలారా నర్సిగా?" అన్నాడు. ఇంకోరోజైతే ఆ మాటకు సంవత్సరమంతా నవ్వుకునేవాణ్ణి.

ఇప్పుడు అసలు భయం వేరు. పిట్ట ఎగిరిపోయింది. ఎండ పెరుగుతోంది. బెదిరిపోయి రాకపోతే గుడ్లు అక్కడే ఉడికిపోతాయని సారు అన్నాడు. కట్టె తెచ్చి, పీకిన కన్నంలోనే మళ్ళీ గుచ్చాను. లింగయ్య ట్రాక్టరును దూరంగా తీసుకుపోయి ఇంజను ఆపాడు. నలుగురం దాని నీడలో కూర్చున్నాం. గంటకు కిరాయి పోతుంది కదా, నువ్వు వేరే దిక్కు దున్నుకోరాదా అని నేనంటే, "అది రానియ్యి" అన్నాడు అంతే.

తొమ్మిది దాటింది. రాలేదు.

"సారూ, ఆ పాపకు నాయిన ఉన్నడా?" అని గుసగుసగా అడిగాను.

"ఉన్నాడు. జడ ఆయనే వేస్తాడు. రోజూ వంకరగానే ఉంటుంది. పాప సర్దుకోదు, అలాగే వస్తుంది."

ఈ కట్టె సంగతి ఆ పాపకు తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలా అనుకుంటూ మట్టి గీకుతున్నాను. తొమ్మిదిన్నరకు కాబోలు, లింగయ్య నా మోచేయి గిల్లాడు. దుక్కి అవతలి కాలువ వైపు నుంచి తీతువు తక్కువ ఎత్తులో ఎగురుతూ వచ్చి, దూరంగా దిగి, అటూ ఇటూ దొంగచూపులు చూసుకుంటూ నడిచింది. పొట్ట ఈకలు గుత్తులు గుత్తులుగా అంటుకుపోయి ఉన్నాయి. నీటిచుక్కలు రాలుతున్నాయి. గుడ్లమీద నిలబడి, కాళ్ళు మడిచి, తడిపొట్టను అటూ ఇటూ కదిలిస్తూ మెల్లగా కూర్చుంది.

"అమ్మేనా సారూ అది?" అన్నాడు సేఠ్.

"చెప్పలేం. ఇద్దరూ వంతులేసుకుంటారు. నాన్న కూడా కావచ్చు."

సారు కెమెరా ఇంకా పొదలోనే ఉంది. లేస్తే పిట్ట బెదురుతుంది. సేఠ్ చడీచప్పుడూ లేకుండా తన కెమెరాను బోరు పైపు లెన్స్‌తో సహా సారు చేతిలో పెట్టాడు. ఎవరినీ ముట్టనివ్వని సామాను అది. సారు మూడే మూడు ఫోటోలు తీశాడు. అన్నింట్లోనూ కట్టె పడింది.

"కంప్యూటర్ల పెట్టి దాన్ని తీసేపిస్త" అన్నాను.

"ఉండనీ నర్సింహా" అన్నాడు సారు.

బడి తెరిచిన సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. పాప ఫోటోను చాలాసేపు చూసిందట. తడి ఈకల గురించి చెబితే వింది గానీ ఏమీ అనలేదట. ఆఖరికి వేలుపెట్టి చూపించి, "ఈ కట్టె ఎవరు పెట్టారు సార్?" అని అడిగిందట. లింగయ్య గురించి చెప్పాడు. నా సంగతి చెప్పలేదు. చెప్పాల్సిందే సారూ అన్నాను. నలభై ఎనిమిదేళ్ళుగా ఎందరినో నవ్వించానని నా లెక్క. పేరు కోసం చూడకుండా ఏటా ఒక కట్టె పాతి పోయే మనిషి ముందు ఆ లెక్క తేలిపోయింది. పిట్ట కోసం మేం మూడు ఊళ్ళ నుంచి కదిలి వెళ్ళాం. దాన్ని మాకంటే ముందే చూసుకుంటున్నవాడు రోజూ అక్కడే దున్నుకుంటున్నాడు. తర్వాతి వారం వెళ్తే గుంటలో పెంకులు మాత్రమే ఉన్నాయి. కాస్త దూరంలో గడ్డిలో ఏదో చిన్నగా కదిలింది. కెమెరా తీయలేదు, అవ్వ చెప్పినట్టు ఊరికే చూశాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. బీడులో, చేను గట్టున గుడ్డ పేలిక కట్టిన కట్టె కనబడితే, ఫోటోకు ఎంత అడ్డమైనా దాన్ని ముట్టకండి. యాభై అడుగులు దూరంగా నిలబడి, ఆ కట్టెతో కలిపే ఫోటో తీసుకోండి.