సామి గూట్లో పుస్తకం

నా మొదటి కవితల పుస్తకానికి మా అత్త చేసినంత మర్యాద ఇంకెవరూ చేయలేదు. చేతికివ్వగానే కళ్ళకద్దుకుంది. అట్టకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, సామి గూట్లో పెట్టేసింది. ఇక తీయలేదు.

తప్పు ఆమెది కాదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, చదవం. బడిలో తమిళం, బజార్లో తమిళం. తెలుగు అక్షరాలున్న వస్తువు ఇంట్లో ఉందంటే అది ఏ తాతల కాలం నాటి రామాయణమో అయి ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు ఎప్పుడో పోయారు, శుక్రవారం పువ్వు మాత్రం తప్పదు. అత్త గూట్లోనూ అట్టలూడిన రామాయణం ఒకటి ఉంది. దాని పక్కన నా కవితలు చేరాయి. పక్కన ఎవరున్నారో చూసుకుని నేను గర్వపడాలి నిజానికి. నాకు ఏడుపొచ్చింది.

ఎందుకంటే ఆ పుస్తకం రాసిందే ఆమె కోసం. అత్త మా నాయనకి అక్క. ఎట్టయాపురం దగ్గర మా నల్లరేగడి చేను వానల్లేక బీడు పడ్డాక, కోవిల్‌పట్టి వచ్చి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరింది. సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని, నోరు ఊరుకోక, నాకు ఊరి కబుర్లన్నీ చెప్పేది. నా కవితల్లో మాటలు ఆ నోట్లోంచి వచ్చినవే. నాయన పోయాక ఆ మాటలతో నన్ను పలకరించే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె నా పుస్తకం చదవాలి, బాగుందనో బాగాలేదనో అనాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

నేను తెలుగు చదవడం నేర్చుకున్నది తిరుత్తంగల్‌లో, చుట్టాలింట్లో. ఆంధ్రాలో గోడలకు వేలాడే క్యాలెండర్లు అక్కడ అచ్చవుతాయి. పాడైన షీట్లు ప్రతి ఇంట్లో అలమార అరల్లో పరిచి ఉంటాయి. ఆదివారం, సోమవారంతో మొదలుపెట్టి ఏకాదశి దాకా వచ్చేసరికి నాకు చదువొచ్చేసింది. తర్వాత రాసినవన్నీ ఆంధ్రాలో ఒక చిన్న ప్రచురణ సంస్థకు పంపాను. సంస్థ అంటే ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒక గది, గదిలో సగం దాకా అమ్ముడుపోని కవులు. ఫోన్లో నా తెలుగు విని, మా అవ్వ ఇలాగే మాట్లాడేదని నవ్వారు. ఒక్క మాటా మార్చకుండా వేశారు. అటువైపు ఎవరెవరో చదివి మెసేజీలు పెట్టారు. వాళ్ళందరిమీదా నాకు కాస్త కోపంగానే ఉండేది. చదవాల్సిన మనిషి చదవలేదు, వీళ్ళు చదివేశారు.

నేను చదివి వినిపిస్తానంటే అత్త పుస్తకం తీయనిచ్చేది కాదు. "సామి ఎళుత్తు పాపా. ఊరికే తాకగూడదు," అనేది. ఎళుత్తు అంటే అక్షరం. మా తెలుగు సగం ఇలాగే ఉంటుంది. పోనీ అని ఫోన్లోంచి చదివితే, అదేదో దండకమైనట్టు కళ్ళు మూసుకుని చేతులు జోడించేది. కవిత అయిపోయాక దణ్ణం పెట్టుకుని వంటపనికి లేచేది. నాకు ఒళ్ళు మండేది.

నేను పనిచేసేది విరుదునగర్‌లో, ఒక పప్పుల మండీలో. అక్కడ బస్టాండు వెనక ఒక టైలరు ఉన్నాడు. చొక్కాలు కుట్టగా మిగిలిన పొద్దంతా తమిళ కవుల పుస్తకాలు వేస్తుంటాడు. తనూ కవే. అతనింట్లోనూ తెలుగే. నా గోడంతా విని, మిషను ఆపకుండానే, "తమిళ ఎళుత్తులో వేస్తే పోయె గదక్కా," అన్నాడు.

తెలుగు కవితలు, తమిళ అక్షరాల్లో. ఆ అక్షరాలైతే అత్తకు వచ్చు. ఆంధ్రావాళ్ళు చదవలేరు, తమిళులకు అర్థం కాదు, మరి కొనేవాడెవరు అని అడిగాను. మామూలు కవిత్వాన్ని మాత్రం ఎవరు ఎగబడి కొంటున్నారని అడిగాడు. సరే వేయమన్నాను.

మా వైపు కవులు క్యాలెండర్ల పని ముగిసేదాకా ఆగాలి. ఆ సీజన్లో తిరుత్తంగల్ మిషన్లు దేవుళ్ళకు తప్ప ఇంకెవరికీ ఖాళీ ఉండవు. ఎండలు మొదలయ్యాక మా వంతు వచ్చింది. క్యాలెండర్లకు పోగా మిగిలిన అట్టనే మా పుస్తకానికి వేశారు.

ఈసారి చేతికిచ్చినప్పుడు అత్త కళ్ళకద్దుకోలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, పొయ్యి పక్కనే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. వేలు పెట్టి, పైకి, కూడబలుక్కుంటూ. నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎద్దుల కవిత దగ్గర ఆమె ఆగింది. మా ఆఖరి ఎద్దుల జతను సంతకు తోలిన రోజు గురించిన కవిత అది. ఆ పొద్దు నన్ను బడికి పంపేశారు. గాటి దగ్గర నిలబడి అత్త ఏడ్చిందని ఊహించి రాశాను. ఆమె దాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"నేను ఏడవలే పాపా," అంది. "ఏడ్చింది మీ నాయన. నేను కుడితి కలిపి పెట్టినా. అవి తాగినాక పంపినా."

మా నాయన ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆమె నోటి నుంచి ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు కాచుకుంటే, నాకు తెలియని నాయన దొరికాడు. అప్పుడే ఆయన్ని చూడాలనిపించింది, చూడలేనని తెలిసినా.

"ఆ సామి పుస్తకంలో కూడా నేను ఏడ్చినట్టే ఉండాదా?" అని అడిగింది అత్త.

అవునన్నాను. లేచి చేతులు కడుక్కుని గూటి దగ్గరికి వెళ్ళింది. పుస్తకం తీసి, ఎండిన పూలు దులిపి, నా ఒళ్ళో పెట్టింది.

"దాన్లో కూడా దిద్దు."

అంచులకు పసుపు అంటుకుని పేజీలు విడిపోవడానికి మొరాయించాయి. ఆ వాక్యం కొట్టేసి, పక్కన నాయన ఏడ్చాడని రాశాను. ఆమె నా భుజం మీదుగా వంగి, మీ నాయన ఎక్కడున్నాడు ఇందులో అంది. చూపించాను. అక్కడ వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇంగ చదువు," అంది.

సామి పుస్తకంలోంచే చదివాను. ఈసారి ఆమె చేతులు జోడించలేదు.