నేల మీదికి దిగిన పటం

ఈ ఉదయం నడకకు వెళ్లినప్పుడు, బస్టాండు ఎదుట కొత్తగా కడుతున్న మా ఊరి అంగళ్ల కూడలిలో మేస్త్రీ సిమెంటు అరుగులపై గోనెపట్టాలు పరచి నీళ్లు పోస్తున్నాడు. అవి చేపలు అమ్మే స్త్రీల అరుగులు. నడిచే దారి పక్కనే, అందరికీ కనబడేటట్లు ఉన్నాయి. వాటిని అక్కడ ఉంచిన ఘనత నాదని ఊరు అనుకుంటుంది. సత్యం వేరు కనుక రాస్తున్నాను.

ముత్తుకూరు దాపున ఉన్న మా ఊరు ఓడరేవు పనులతో చూస్తుండగానే పెరిగింది. అంగళ్లు, గ్రంథాలయం, సభలకు ఆరుబయలు ఒకేచోట ఉండాలని పంచాయతీ వారు తీర్మానించి, పాలిటెక్నిక్‌లో నలభై ఏళ్లు డ్రాయింగు బోధించి పదవీ విరమణ చేసిన నన్ను పటం గీయమన్నారు. నేను క్రమం తప్పితే సహించలేని మనిషిని. విస్తరిలో ఊరగాయ తన స్థానం దాటినా నాకు ముద్ద దిగదు. పటంలో అంగళ్లు బారులు తీరాయి, నడుమ ఆరుబయలు చక్కని చతురస్రమైంది. చేపల తావును మాత్రం పరిశుభ్రత పేరిట అన్నిటికీ వెనుక, నిలువెత్తు గోడ చాటున ఉంచాను. ఆ సంగతి తెలిసి, మా ఆవిడ ప్రతి ఆదివారం బేరమాడే చేపలక్క మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "గోడ చాటున మమ్మల్ని ఎవరు చూస్తారయ్యోరా? చేప మురిగిపోతాది, మా పొయ్యి ఆరిపోతాది," అన్నది. కావలసినవారు వెదుక్కుంటూ వస్తారన్నాను. "కాగితం మీద అందరూ వస్తారు. నేల మీద కూర్చోబెట్టి చూడండి."

నా పటం మీద నమ్మకం కొద్దీ ఒప్పుకున్నాను. ఒక ఆదివారం ఆ ఖాళీ స్థలంలో ముగ్గు పోయించి, పటాన్ని ఉన్న కొలతలతో నేల మీదికి దింపాను. గోడ రావలసిన చోట తడికలు కట్టించాను. అమ్మేవాళ్లందరూ సరుకుతో వచ్చి తమ తమ గడుల్లో కూర్చున్నారు. "అక్కా, నిన్ను వెదకడానికి టార్చిలైటు తేవాలనా?" అన్నారు గాజుల సాయిబు గారు. "నీ గాజులు చూసుకో సాయిబూ. గీత దాటితే అయ్యోరు మార్కులు కోస్తారు," అంటూ ఆమె చేపలు అమ్మే తోటి స్త్రీలతో తడికల వెనక్కి వెళ్లింది. బస్సుల రొదలో ఆ స్త్రీల కేకలు ఇవతలికి వినబడలేదు. పదింటికి ఐసు కరిగి గంపల కింది ఇసుక తడిసింది. ఎండ ముదిరినా చేపలక్క గీత దాటలేదు. జనానికి ఇంకా అలవాటు కాలేదని నాకు నేనే చెప్పుకొని భోజనానికి ఇంటికి వెళ్లాను.

విస్తట్లో పప్పు ఉంది. పులుసు ఏదని అడిగాను. "మామిడికాయ కోసి పెట్టుకొని మీ ముగ్గుల చుట్టూ రెండుసార్లు తిరిగినాను. చేపలక్క కనబడలేదు. ఈ రోజు రాలేదనుకున్నా," అన్నది మా ఆవిడ.

నేను చెయ్యి కడుక్కొని వెనక్కి వెళ్లాను. గంపల్లో చేప చాలావరకు అలాగే ఉంది. నీ రోజు పాడుచేశానన్నాను. "ఒక్క రోజే గదా అయ్యోరా. గోడ లేచినాకైతే ఏం చేసేవాళ్లం?" అన్నది. తడికలు నేనే విప్పాను. ఆమె చూపిన మూలన, సముద్రపు గాలి చేపల వాసనను గ్రంథాలయం వైపు పోనివ్వని చోట, దారి వెంబడి కొత్తగా ముగ్గు పోశాను.

నలభై ఏళ్లు పిల్లల పటాల్లో తప్పులు దిద్దాను. నా పటం దిద్దడానికి ఆమెకు ఒక పూట చాలింది. డెబ్బై దాటిన నాకు దిద్దుకొనేంత కాలం ఇంకా మిగిలి ఉన్నందుకు సంతోషిస్తున్నాను.