సుభద్ర మేడమ్ మందు నెయ్యి

మా సుభద్ర మేడమ్ ఇక లేరు. మంగళవారం ఉదయం శాంటా క్లారాలో ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. నర్సు చెబుతున్నది అర్థమవుతూనే ఉంది, మనసే ఒప్పుకోలేదు. గుంటూరులో నాకు ఇంటర్ కెమిస్ట్రీ బోధించిన ఆ విదుషీమణి ఇక్కడ కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా వీధి చివరి ఇంట్లో చాలా ఏళ్లుగా ఒంటరిగా ఉంటున్నారు. భర్త పోయారు, పిల్లలు లేరు. ప్రతి శనివారం ఇక్కడి తెలుగువాళ్లను నలుగురినీ కూర్చోబెట్టి అన్నం పెట్టడమే ఆవిడకు సంసారం.

కాన్సర్ చికిత్సలో వాంతులూ నొప్పీ నిద్ర పోనివ్వకపోతే, డాక్టరుకు చెప్పే గంజాయి మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలో అది చట్టబద్ధమే. పొగ పడదు కనుక తినాలనుకున్నారు. మొదటిసారి ఏం చేశారనుకున్నారు? పచ్చి మొగ్గల్ని పుదీనాలా నూరి, పెరుగులో కలిపి, పచ్చడి చేశారు! గుణం ఏమాత్రం కనిపించలేదు.

మర్నాడు నన్ను పిలిచి తల కొట్టుకున్నారు. "ఇన్నేళ్లు కెమిస్ట్రీ చెప్పి ఏం లాభమే? పచ్చిదాంట్లో ఉండేది యాసిడ్. సన్నటి వేడికి కార్బన్ డయాక్సైడ్ పోతేనే అది మందవుతుంది. డీకార్బాక్సిలేషన్! మీకు బోర్డు మీద రాసి మరీ చెప్పాను."

ఆ తర్వాత ఓవెన్‌లో తక్కువ సెగ మీద మూతపెట్టి వేడిచేసి, ఆపైన నేతిలో మరగనివ్వకుండా కాచేవారు. వేడి మితిమీరితే గుణం పోతుందని పొయ్యి దగ్గరే కుర్చీ వేసుకునేవారు. "తొందరపడితే మసి, వేడి తగలకపోతే గడ్డి. పక్కనే కూర్చోవాలే" అనేవారు.

ఒక శనివారం వడ్డనలో సాయం చేస్తున్న ఒకావిడ, పొయ్యి పక్కనున్న ఆ మందు నేతి గిన్నె తెచ్చి మరొకరి పప్పన్నంలో నెయ్యి వేసేసింది. మన ఇళ్లలో నెయ్యి కనబడితే అడిగి వేస్తామా? మేడమ్ పరుగున వచ్చి, ముద్ద నోటికి చేరకముందే కంచం లాగేసుకున్నారు. కారణం దాచలేదు. అంతే, 'గంజాయి ఆంటీ' అన్న పేరు ఊరంతా పాకింది. మర్యాదస్తులు కదా, ముఖం మీద ఒక్క మాట అనలేదు. రావడం మానేశారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"తప్పు నాదే అమ్మాయ్. గిన్నె అలా వదిలేయకూడదు" అన్నారు మేడమ్. అప్పటినుంచి దాన్ని డబ్బాలో పెట్టి తాళం వేసేవారు. అయినా ఎవరూ రాలేదు.

కిందటి నెల ఫోన్ చేశారు. "శనివారం భోజనానికి రండే. ఉన్న నెయ్యంతా పారేశాను. ఇంట్లో చుక్క కూడా లేదని అందరికీ చెప్పు."

"మరి నొప్పి, మేడమ్?"

"ఒక్క పూట మనుషులతో తింటానే."

అందరికీ చెప్పాను. నేనొక్కదాన్నే వెళ్లాను. టేబుల్ నిండా వంట. గోడ పట్టుకుని నడుస్తూ, పళ్ల బిగువున నొప్పి భరిస్తూ నాకే కొసరి కొసరి వడ్డించారు. మధ్యమధ్య వీధి తలుపు వైపు చూశారు.

ఆ విద్వత్తుకూ, ఆ సహనానికీ ఈ శిష్యురాలి వందనం. ఆవిడ లోటు నాకు తీరేది కాదు. నిన్న అంత్యక్రియలకు మాత్రం అందరూ వచ్చారు. పార్కింగ్ దొరకలేదు.