గ్రహణం వల్ల కాదు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కిన ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో నెల నిండని బాబు. పెదవికి గ్రహణమొర్రి.

"గ్రహణం నాడు వంకాయలు కోసిన అక్కా. మా అత్త దినాం గదే అంటది" అంది.

"గ్రహణం వల్ల కాదమ్మా. నీ తప్పేం లేదు" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. "అయితే కుట్లేస్తే మంచిగైతడు కదా? చూడు, పిడికిలి ఎంత గట్టిగ పట్టిండో!"

చూశాను. బిగిసిన పిడికిట్లో చూపుడువేలు మధ్యవేలి మీదికెక్కి ఉంది. చెవులు బాగా కిందికి ఉన్నాయి. మా పాపకూ ఇవే గుర్తులు. డాక్టరు వాటిని ఒక్కొక్కటే చూపించి, ఈ జబ్బుకు మందు లేదన్నాడు. పాప పంతొమ్మిది రోజులు బతికింది.

"అవుతాడు" అన్నాను.

ఎల్బీ నగర్ వచ్చేదాకా ఆమె, తాముండే మన్సూరాబాద్‌లో వాడిని ఏ బడిలో వేస్తే బాగుంటుందో నన్ను అడుగుతూనే ఉంది.