ప్రజల మాస్కు

కొత్త ఫ్లూ వచ్చిందని మందుల షాపుల ముందు జనం మాస్కుల కోసం ఎగబడిన వానాకాలం అది. అప్పుడు నేను భద్రాచలంలో ఒక దినపత్రిక విలేకరిని. దవాఖానాల్లో తీసుకోవలసిన జాగ్రత్తల మీద ఒక వార్త రాశాను. 'మాస్కు లేనివారిని డాక్టరు గదిలోకి పంపకూడదు' అన్న వాక్యాన్ని డెస్కు వాళ్లు చుట్టూ గీతలతో పెట్టె కట్టి వేశారు. వారం పాటు ఆ పెట్టెను చూసుకుని మురిసిపోయాను.

ఆ వారం చివర పర్ణశాల వైపు, అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాకు వెళ్లాను. వార్త కోసమని ఆఫీసుకు చెప్పాను గానీ, అసలు సంగతి నా జలుబు.

డాక్టరు గది తలుపు పక్కన ఆయా స్టూలు వేసుకుని కూర్చుంది. లోపలి నుంచి ఒక ముసలాయన దగ్గుతూ వచ్చి, ముఖానికున్న గుడ్డ మాస్కు విప్పి ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు దులిపి, వరసలో తర్వాతి మనిషికి కట్టి లోపలికి పంపింది. దేవుడి ముందు తల వంచినంత వినయంగా జనం ముఖాలు చాపుతున్నారు.

"అందరికీ ఒక్కటేనా?" అన్నాను.

"నాలుగొచ్చినయ్ సారూ. డాక్టర్ సారుకొకటి, సిస్టరమ్మకొకటి, నాకొకటి. ఇగ మిగిలింది ప్రజలకు."

"గిట్ల చెయ్యమని ఎవరన్నరు?"

"పేపర్ల రాసిండ్రు గద. ఏంది, నువ్వు పేపర్ సదవవా?"

గోడ మీద, అన్నం మెతుకులతో అంటించిన నా పెట్టె వార్త. నేను నోరు తెరిచేలోపే మాస్కు నా ముక్కు మీదికి వచ్చింది. అప్పటికే తడిగా ఉంది.

అదే సమయానికి కాన్పుల గది పరదా తొలగించుకుని నర్సు బయటికొచ్చింది. ముందురోజు ఆ గదిలో ఒక ఆడపిల్ల పుట్టింది. అడవి లోపలి గూడెం నుంచి దవాఖానాకొచ్చి కన్న మొదటి తల్లి ఆమె. ఆ ఇంటివాళ్లను ఒప్పించడానికి నర్సు నాలుగుసార్లు వాగు దాటి నడిచింది. పసిదానికి దగ్గు తగిలితే ఆ గూడెం మళ్లీ ఈ గడప తొక్కదు. దగ్గేవాళ్లకూ పసిదానికీ మధ్య ఉన్నది ఆ పరదా ఒక్కటే.

"ఎంతమంది కట్టుకుండ్రే ఇది?" అంది నర్సు.

"పొద్దటి సంది అందరమ్మా. ఒక్కర్ని ఇడవలే," అంది ఆయా, గర్వంగా.

రోగులంతా మాస్కులతో వస్తుంటే జనం ఎంత మారారో అని డాక్టరు లోపల సంతోషపడుతున్నాడట.

పావుగంటలో డాక్టరు బల్ల బయట రేకుల షెడ్డు కిందికి చేరింది. ఎవరి తువ్వాల, ఎవరి కొంగు వాళ్లే నోటికి అడ్డం పెట్టుకోవాలంది నర్సు. దూరం దూరం కూర్చోబెట్టింది. ఆయాను పరదా దగ్గర కాపలా పెట్టింది. ఆ వార్త రాసింది నేనేనని అప్పుడు ఒప్పుకున్నాను.

"అయితే ముందు నువ్వే బోరింగు కాడికి పో. సబ్బు పెట్టి మొహం కడుగు," అంది.

నాలుగో రోజు మళ్లీ వెళ్లేసరికి తల్లీబిడ్డా ఆటో ఎక్కుతున్నారు. పసిదానికి తుమ్ము కూడా లేదు. చూద్దామని దగ్గరికి పోబోతే పిల్ల నాయనమ్మ ఇంకా కారుతున్న నా ముక్కు వైపు చూసి, కొంగుతో పిల్ల ముఖం కప్పేసింది.

"ఆడనే ఆగు బిడ్డా. ఇంటికాడ ఇంకో కోడలు నెల తప్పింది. ఆమెను గూడ ఈడికే తేవాలె."

ఆటో కదిలేదాకా పది అడుగుల దూరంలోనే నిలబడ్డాను.