సుధామయి గారి చలికోట్లు

సుధామయి ఇంట్లో బేస్‌మెంటు మెట్ల కింద ఒక అలమర ఉంది. దాని నిండా చలికోట్లు. అవి ఎవరివని అడిగితే ఆమె కూడా చెప్పలేదు. ఇండియా నుంచి పలచటి స్వెట్టరు ఒకటి వేసుకుని, వణుకుతూ కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్‌లో దిగిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆమె ఆ అలమరలోంచి ఒక కోటు తీసి తొడుగుతుంది. వాళ్ళు కాస్త నిలదొక్కుకుని సొంతది కొనుక్కున్నాక, లేదా ఈ దేశమే వదిలి పోయేటప్పుడు, దాన్ని తెచ్చి మళ్ళీ అక్కడే తగిలించాలి. ఈ ఇంటి రూలు అది. రూలు పెట్టింది సుధామయే కాబట్టి దానికి తిరుగు లేదు.

ఈ మధ్య ఆ అలమర తలుపు పడటం లేదు. కోట్లు వెళ్ళడం తగ్గిపోయి, రావడం ఎక్కువైంది. ఒకరికి వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది, ఇంకొకరికి ఇక్కడే స్థిరపడే పీఆర్‌కి కావలసిన స్కోరు అందలేదు, మరొకరు ఇక నా వల్ల కాదని చేతులెత్తేశారు. వచ్చి కోటు తగిలించి, "వెళ్ళొస్తా ఆంటీ" అంటారు. మళ్ళీ రారని ఆమెకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. తలుపును మోకాలితో నెట్టి గడియ పెట్టి, ఆమె మెట్లెక్కి పైకి వస్తుంది. ఆ మోకాలికి కూడా ఈ మధ్య ఓపిక తగ్గింది.

యాభై నాలుగేళ్ళ మనిషి. కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. బెల్టు మీద వచ్చే ముక్కల్లో గీతలు, సొట్టలు ఉన్నవి ఏరి పక్కన పడేయడం ఆమె పని. ఉద్యోగం అది. అసలు పని వేరే. కొత్తగా వచ్చినవాళ్ళను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకోవడం, బేస్‌మెంటులో మంచం వేయడం, ఉద్యోగానికి కావలసిన సిన్ నంబర్‌కీ బ్యాంకుకీ హెల్త్ కార్డుకీ తిప్పడం, ఏ ఓనరు మంచివాడో, ఏ వీధిలో బస్సు సరిగ్గా రాదో చెప్పడం. వచ్చిన కొత్తలో ఆమెకు ఇవి చెప్పే దిక్కు లేక, పసిపిల్లను చంకనేసుకుని కాళ్ళరిగేలా తిరిగింది. ఇంకొకరు అలా తిరగకూడదని మొదలుపెట్టింది. ఏళ్ళు గడిచేసరికి అది అలవాటై, ఆ తర్వాత పెద్దరికమై కూర్చుంది.

"నీకేమన్నా గవర్నమెంటు జీతమిస్తోందా?" అంటాడు భర్త రాఘవులు, ఫోను మోగినప్పుడల్లా.

"మీరిస్తున్నారా?" అంటుంది ఆమె. ఫోను తీస్తుంది.

ఆమెలో ఒక లోపం ఉంది. ఇన్నేళ్ళలో ఎవరేం అడిగినా "నాకు తెలియదు" అన్న మాట ఆమె నోట రాలేదు. మొదట్లో తెలియనివి కనుక్కుని చెప్పేది. తర్వాత్తర్వాత అలిసిపోయింది. అలిసిపోయిన మనిషికి కనుక్కోవడం కంటే చెప్పేయడం సులువు. అడిగేవాళ్ళు కూడా ఆమె గొంతులోని ధీమా చూసి వెళ్ళిపోయేవారు గానీ, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవారు కాదు.

అక్టోబరులో ఒక ఆదివారం తారక్ వచ్చాడు. కరీంనగర్ కుర్రాడు. ఇక్కడే కాలేజీలో చదివాడు, గోదాముల్లో పెట్టెలు మోశాడు, చివరికి మెషీన్లకు ప్రోగ్రాం రాసే పని సంపాదించాడు. అన్నీ కుదిరాయనుకునేసరికి పర్మిట్ గడువు ముంచుకొచ్చింది. పీఆర్ రాలేదు. ఏడ్చి మొత్తుకోకుండా ఊరూరా అప్లై చేసి, జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. వీసా కూడా వచ్చింది. భుజాన ఆకుపచ్చ కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కోటు ఇచ్చిపోదామని వచ్చిన ఆంటీ. నిన్ననే ఉతికిన."

"ముందు అన్నం తిను," అంది సుధామయి.

వంకాయ కూర కలుపుకుంటూ అడిగాడు. "కంపెనీవాళ్ళు మెయిల్ పంపిన్రు. మొదటి నెలకి ఒక రూము బుక్ చేస్కోమంటున్నరు. చిన్నది. చాలా రేటు. అక్కడ ఓనరు సంతకం పెట్టి ఇస్తడంట, దాంతోని సిటీ ఆఫీసుల పేరు రాయించుకోవాలంట. నాకేం సమజైతలేదు. మీరేమంటరు?"

జర్మనీ గురించి సుధామయికి తెలిసింది సున్నా. అక్కడ కార్లు చేస్తారని తెలుసు, అదీ ఫ్యాక్టరీలో విన్నదే. కానీ కుర్రాడు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తన మొహం వంకే చూస్తున్నాడు. కొత్త దేశంలో మొదటి రాత్రి హోటల్లాంటి గదిలో ఒంటరిగా పడుకోవడమా? మన వాళ్ళిల్లు ఊళ్ళో ఉండగానా? ఆమె లెక్క ప్రకారం అంతకంటే అవమానం లేదు.

"కంపెనీవాళ్ళు అందరికీ అలాగే పంపుతారు. ఆ రూము వద్దు, క్యాన్సిల్ చెయ్యి. మా పిన్ని కూతురు రాధిక అక్కడే ఉంది. నెల్రోజులు వాళ్ళింట్లో ఉండి, నింపాదిగా నీకు నచ్చిన ఇల్లు వెతుక్కో. ఆ సంతకమేదో రాధికే పెడుతుంది."

"అంతేనా ఆంటీ?"

"అంతే. కోటు కూడా ఇక్కడ పెట్టెయ్. యూరప్‌లో మనకున్నంత చలి ఉండదు."

అప్పటికప్పుడే రాధికకు ఫోను కలిపింది. రాధిక చదువుకోవడానికి వచ్చి ఈ బేస్‌మెంటులోనే ఆరు నెలలు ఉంది. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం కోసం జర్మనీ వెళ్ళింది. విషయం విని అవతల కాసేపు చప్పుడు లేదు.

"సరే అక్కా. పంపించు," అంది రాధిక.

ఆ కాసేపు చప్పుడు లేకపోవడాన్ని సుధామయి విన్నది. లైను సరిగ్గా లేదేమో అనుకుంది. అనుకోవాలనుకుంది.

తారక్ వెళ్ళాడు. చేరినట్టు మెసేజి పెట్టాడు, రాధిక పిల్లలతో దిగిన ఫొటో పెట్టాడు. సుధామయి ఆ ఫొటో రాఘవులుకు చూపించి, "చూశారా" అంది. తర్వాత మంచు మొదలైంది. ఫ్యాక్టరీలో ఓవర్‌టైము. ఎప్పుడన్నా ఫోను చేస్తే తారక్ "మంచిగనే ఉన్న ఆంటీ" అనేవాడు. సరేననుకుని పెట్టేసేది.

జనవరిలో ఒక ఉదయం రాధిక ఫోను చేసింది. హలో అనకుండానే ఏడ్చింది.

"అక్కా, మా ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చాడు. తారక్ ఇక్కడుంటున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారట. ఇక్కడ ఓనరు ఒప్పుకోకుండా ఇంకో మనిషిని పెట్టుకోకూడదక్కా. వాడు వచ్చేవారం వెళ్తాడు, ఆ పైవారం వెళ్తాడు అని చూశాం. వాడికి ఎక్కడా రూము దొరకలేదు."

"మరి నువ్వు సంతకం పెట్టలేదా?"

"ఎలా పెడతానక్కా? పెడితే మేమే రోడ్డున పడతాం. ఆ సంతకం లేకపోతే సిటీ ఆఫీసులో పేరు ఎక్కదు. పేరు ఎక్కకపోతే వాడికి రెసిడెన్స్ కార్డుకి అపాయింట్‌మెంట్ ఇవ్వరు. వాడి వీసా ఏప్రిల్ దాకానే. ఆ లోపల కార్డుకి అప్లై చెయ్యకపోతే ఉద్యోగం కూడా ఉండదు. ఆ కంపెనీ రూము తీసుకునుంటే వచ్చిన వారంలోనే అయిపోయేది. మొన్న వాడే బ్యాగు సర్దుకుని ఏదో హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"ఇవన్నీ నాకు ముందే చెప్పొచ్చు కదే" అంది సుధామయి.

"నీకు కాదని ఎలా చెప్తానక్కా? ఆ బేస్‌మెంటులో నీ చేతి అన్నం తిన్నాను. నువ్వు అడిగావు, నేను సరేనన్నాను."

ఫోను పెట్టేశాక ఆమె సోఫాలో అలాగే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఎంతమందికి అన్నం పెట్టిందో అంతమంది నోళ్ళు కట్టేసిందా? ఆ ఆలోచన ఆమెకు చాలా కష్టంగా అనిపించింది. రాఘవులు టీ తెచ్చి ఇచ్చాడు. సంగతి విని, ఎప్పుడూ వేసే ఎత్తిపొడుపు వేయలేదు. అదే ఇంకా బాధనిపించింది.

ఆ రోజు షిఫ్టులో బెల్టు మీద సొట్ట ముక్కలు రెండు ఆమె చూస్తుండగానే దాటిపోయాయి. సూపర్‌వైజరు వచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. బాగానే ఉందంది. నిజానికి ఆమెకు ఒళ్ళంతా అలసటగా ఉంది. అది ఈ ఒక్క రోజు అలసట కాదు.

మర్నాడు తారక్‌కు ఫోను చేసింది.

"మంచిగనే ఉన్న ఆంటీ," అన్నాడు.

"రాధిక చెప్పింది."

అతని వెనక ఎవరో జర్మన్‌లో ఏదో అంటూ గట్టిగా నవ్వుతున్నారు. హాస్టల్ గది కాబోలు.

"తారక్, నీకో మాట చెప్పాలి. జర్మనీ గురించి నాకు ఏమీ తెలియదురా. ఆ రోజూ తెలియదు. తెలిసినట్టు చెప్పాను." అన్నాక ఆమెకు దగ్గు వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియలేదు.

"తెలుసు ఆంటీ," అన్నాడు తారక్ మెల్లగా.

"ఏం తెలుసు?"

"మీకు తెల్వదని తెలుసు. మీరు చెప్తున్నప్పుడే అనిపించింది."

"మరి ఎందుకు విన్నావురా?"

"ఆ మెయిల్ల అంతా మంచిగనే రాసిన్రు ఆంటీ. కానీ అది మెయిలు. కెనడా నుంచి ఒకసారి పొమ్మన్నరు. ఇంకో దేశంల పోయి ఒక్కన్నే గదిల తలుపేసుకుని పండుకోవాలంటే భయమైంది. ఎవరన్నా మన ఇంటికి పో అంటే బాగుండు అనిపించింది. మీరన్నరు."

సుధామయి కళ్ళు తుడుచుకుంది. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. "చలిగా ఉందా అక్కడ?" అని అడిగింది.

అతను నవ్వాడు. "మస్తు చలి ఉంది ఆంటీ."

ఆ శనివారమే ఆమె ఆకుపచ్చ కోటును అట్టపెట్టెలో కుక్కి పార్సిల్ చేసింది. ఆ తర్వాత ఫిబ్రవరంతా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగ్గా పట్టలేదు. సుధామయి సలహాలేమీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఫోను చేసి, "నిన్న ఎన్నిళ్ళు చూశావు? ఏం తిన్నావు?" అని మాత్రం అడిగేది. తారక్ సాయంత్రాలు ఇళ్ళు చూడ్డానికి వెళ్ళేవాడు. ఒక్కో గదికి ముప్పైమంది క్యూ. చాలాచోట్ల అతని పేరు చూసి జవాబే ఇవ్వలేదు. మార్చి మధ్యలో, పని చేసే చోట ఒక ముసలి మెషీన్ ఆపరేటరు తన అక్క ఇంట్లో అటక గది ఖాళీగా ఉందన్నాడు. ఊరికి గంట దూరం. పైకప్పు ఏటవాలు, నిలబడితే తల తగులుతుంది. కానీ ఆ అక్క సంతకం పెట్టింది. సిటీ ఆఫీసులో తారక్ పేరు ఎక్కింది. వీసా అయిపోయే ముందు కార్డుకి అప్లికేషన్ పడింది.

"ఇగ బతికిన ఆంటీ," అన్నాడు. ఆ గొంతులో సంతోషం కంటే నీరసమే ఎక్కువ. ఆమె గొంతూ అంతే. రాధిక వాళ్ళ ఓనరు మాత్రం నోటీసు వెనక్కి తీసుకోలేదు. రాధిక ఎండాకాలంలోగా ఇల్లు మారాలి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా సుధామయి చేతిలో పని ఆగిపోయేది.

ఏప్రిల్లో నిఖిల వచ్చింది. సస్కటూన్ అనే ఊళ్ళో చదివి, ఇక్కడ రెండేళ్ళు పనిచేసిన పిల్ల. ఆ పిల్ల పర్మిట్ కూడా అయిపోయింది. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం దొరికిందట. చేతి మీద వేసుకున్న ఉతికిన నీలం కోటు, మొహం మీద అదే చూపు. ఆ చూపు సుధామయికి బాగా తెలుసు.

"ఆంటీ, అక్కడ ముందు ఏం చెయ్యాలో చెప్పండి. మీకైతే అన్నీ తెలుసని అందరూ అన్నారు."

రాఘవులు పేపరు దించి భార్య వైపు చూశాడు. సుధామయి కాసేపు పిల్ల మొహంలోకే చూసింది.

"నాకు తెలియదమ్మా," అంది.

నిఖిల మొహం వాడిపోయింది. అంత చిన్న మాటకు అంత వాడిపోతుందని తెలుసు కాబట్టే ఇన్నేళ్ళూ ఆ మాట దాచుకుంది సుధామయి. ఆ పిల్ల కోటు మడిచి పట్టుకుని మెట్ల వైపు తిరిగింది, అలమరలో పెట్టి పోదామని.

"ఎక్కడికి? ముందు అన్నం తిను. మీ కంపెనీవాళ్ళు మెయిల్ ఏదో పంపే ఉంటారు, అది తియ్యి. నా కళ్ళజోడు తెచ్చుకుంటాను, ఇద్దరం మొత్తం చదువుదాం. అర్థం కానివి వాళ్ళనే అడుగుదువుగాని. వాళ్ళు ఏ రూము ఇస్తామంటే అందులోనే దిగు, ఎవరింటికీ వెళ్ళకు. భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి. ఏ టైమైనా పర్లేదు, ఎత్తుతాను."

ఆమె కుర్చీలోంచి మోకాలు పట్టుకుని లేచింది. నిఖిల చేతిలోని నీలం కోటు తీసుకుని, విప్పి, ఆ పిల్ల భుజాల మీదే కప్పింది.

"దీన్ని నీతోనే తీసుకుపో. అక్కడ చలి ఎంతుంటుందో కూడా నాకు తెలియదు."