లోతు చెప్పిన కేక

నా చిన్నప్పుడు, మా నాన్న బర్మా దేశపు రంగం యుద్ధం నుంచి తిరిగివచ్చిన కొత్తలో, సఖినేటిపల్లి రేవులో అందరూ ఆయన ఒంటి మీద గాయాల కోసం వెతికేవారు. ఒక్కటీ లేదు. దొరల యుద్ధపు ఓడ ముందు కొసన నిలబడి, సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, లోతెంతో కేకవేసి చెప్పడమే అక్కడ ఆయన పని. అది తెలిశాక పక్కింటి మామయ్య నేను కనపడినప్పుడల్లా, "మీ నాన్న యుద్ధంలో నీళ్ళు కొలిచేడంటమ్మా. ఎన్ని బిందెలు వచ్చేయో అడుగు" అనేవాడు. నేను తల దించుకుని తప్పుకునేదాన్ని. అసలే నా గొంతు నాకే వినపడనంత బిడియం. ఒకరోజు ఉండబట్టలేక, నువ్వు యుద్ధం చేశావా లేదా అని నాన్ననే అడిగేశాను. ఆయన నవ్వి, పొద్దున్నే తన పడవలో రమ్మన్నారు.

మర్నాడు గోదావరి మీద దట్టంగా మంచు. పడవ నిండా కొబ్బరికాయలు, అంతర్వేది వెళ్ళే ఆడవాళ్ళు, మామయ్య. నాన్న అలాంటి గుండు తాడే నా చేతికిచ్చి, లోతు కేకవేసి చెప్పమని ముందు కొసన కూర్చోబెట్టారు. బార లోతు, అంటే చాచిన రెండు చేతులంత దగ్గర ఎర్రగుడ్డ, అరబార దగ్గర తోలుముక్క కట్టి ఉన్నాయి; గుండు అడుగు తాకినప్పుడు ఏది చేతికి తగిలితే లోతు అంత. తాను వెనక చుక్కాని పట్టుకున్నారు. ఆ మంచులో ఆయనకు నేనే కనపడను, ఇసుక మేటలేం కనపడతాయి?

కాసేపటికి తోలుముక్క చేతికి తగిలింది. అంతమందిలో అరవలేక, అరబార అని గొణిగాను. పడవ అడుగు ఇసుకకు రాసుకుని పక్కకు ఒరిగింది. కాయలు దొర్లాయి, వాటితో పాటు మామయ్యా దొర్లాడు. గెడలు వేసి నెట్టుకుని బయటపడ్డాక కూడా నాన్న కోప్పడలేదు.

"నీకు తెలిసింది గానీ మాకు చెప్పలేదమ్మడూ. అక్కడ యుద్ధంలో ఒడ్డు మీంచి తుపాకీ గుళ్ళు వచ్చేవి. నేను తల దాచుకుంటే ఓడలో జనమంతా మేట మీదే."

మళ్ళీ తాడు వదిలాను. ఈసారి ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. మంచులో వెనక ఎక్కడో చుక్కాని కిర్రుమంది. పడవ నా మాట విని తిరిగింది.

"ఆయ్ బావా," అన్నాడు మామయ్య కాయలు ఏరుకుంటూ, "ఈ పిల్ల కేక రంగం దాకా వినపడుద్ది." బిందెల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పటికీ నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పడతాయి. కాగితం మీద రాసుకోవడమే హాయి. కానీ ఎవరి క్షేమమైనా నా మాట మీద ఆధారపడి ఉందనిపిస్తే, ఆ తడి తాడు చేతికి తగిలినట్టే ఉంటుంది. తల ఎత్తి, అందరికీ వినపడేలా చెబుతాను. గుళ్ళ మధ్య నిలబడి లోతు చెప్పినవాడి కూతుర్ని నేను.